మ్యూట్‌లోంచి బయటపడ్డాను

ఆన్‌లైన్ స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఒకటి 3 నెలలు చేశాను. మొదట్లో కెమెరా ఆపేసి, మ్యూట్‌లో కూర్చునేదాన్ని. 40 మంది వింటుంటే నోరు తెరవాలంటే టెన్షన్ మరి. నలుగురేసి చొప్పున బ్రేకౌట్ రూముల్లో, అంటే క్లాసును విడగొట్టిన చిన్న ఆన్‌లైన్ గదుల్లో పడేశాక ఇక దాక్కోవడానికి చోటు లేదు. "ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్" అన్నాను. ఒకమ్మాయి నవ్వకుండా "ఐ హేవ్" అని దిద్దింది. మళ్లీ ఆ తప్పు చేస్తే ఒట్టు.

అన్నిటికన్నా నచ్చింది గూగుల్ డాక్స్‌లో అందరం కలిసి ఒకే పేరా రాయడం. నేను 'డిస్కస్ అబౌట్' అని కొడుతుండగానే టీచర్ కర్సర్ మెల్లగా వచ్చి 'అబౌట్'ని కొట్టేసేది. మర్నాడు దిద్దిన పేపర్ చేతికొస్తే ఇంత బాగా ఎక్కదు.

తేడా కొట్టింది క్విజ్ గేమ్‌లోనే. త్వరగా నొక్కినవాళ్లకే ఎక్కువ పాయింట్లు. ప్రశ్న పూర్తిగా చదివే నాలాంటి నిదానస్తులు ఎప్పుడూ అట్టడుగునే. నెట్ నెమ్మదిస్తే ఇక చెప్పక్కర్లేదు. పోల్స్ (ఓటు వేసే ప్రశ్నలు) అంటారా, ఉన్నాయంటే ఉన్నాయి.

చేరేవాళ్లు డెమో క్లాసులో మీకు మాట్లాడే వంతు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి. ఫోన్‌లో మాత్రం వద్దు, డాక్‌లో టైప్ చేస్తుంటే కీబోర్డే సగం స్క్రీన్ మింగేస్తుంది.