57 అడుగుల నారోబోట్: కొన్ని వేసవులు నడిపాక నా మాట

హనుమకొండలో మా కాలనీ నుంచి పిల్లల దగ్గరికి ఇంగ్లండ్ పోయొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అక్కడి కాలువల్లో సొంత నారోబోట్, అంటే లోపల ఉండటానికి వీలున్న సన్నటి పొడుగాటి పడవ, పెట్టుకోవడం మంచిదేనా అని నన్ను అడుగుతుంటారు. కాలువ మట్టం మారే చోట పడవను లోపల పెట్టి, నీళ్లు నింపో వదిలో పైకీ కిందికీ చేర్చే తలుపుల గదులను లాకులంటారు. ఆ లాకుల దగ్గర ఒళ్లు వంచి పనిచేసే మనుషులు ఇద్దరుంటే కొనొచ్చు, లేకపోతే వద్దు.

మేం వాడేది మా అల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్టీలు నారోబోట్. పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల పాత లాకుల వెడల్పు ఏడడుగులే, అందుకే పడవ అంత సన్నం. 70 అడుగులది కొంటే లోపల జాగా ఎక్కువ వస్తుంది గానీ, యార్క్‌షైర్ వైపు కొన్ని పొట్టి లాకుల్లో అది పట్టదు. పొడవు విషయంలో మా అల్లుడి ఎంపిక సరైనదని ప్రతి ఏడూ అనుకుంటాను.

నేను కాకతీయ కాలువ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. షట్టర్లు, తూములు, కాలువ నీళ్లు చూసుకునే లష్కర్ల నడుమ బతికిన మనిషికి ఆ లాకులు చూస్తే ప్రాణం లేచొస్తుంది. మోటార్లు లేవు, కరెంటు లేదు. విండ్‌లాస్ అనే ఇనుప హ్యాండిల్ తగిలించి తిప్పితే పళ్ల చక్రం మీద షట్టర్ లేస్తుంది, నీళ్లు లాకులోకి వస్తాయి. రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా తలుపు ఎంత నెట్టినా కదలదు. సమానమైందా, పొడుగాటి దూలానికి నడుము ఆనించి వెనక్కి అడుగులేస్తే టన్నుల బరువున్న తలుపు నిమ్మళంగా తెరుచుకుంటుంది. రెండు వందల ఏళ్ల కిందటి ఈ ఏర్పాటు ఇవాళ్టికీ అట్లనే పనిచేస్తోంది.

ఒక్క సన్న లాకు ఒకసారి నిండి ఖాళీ అయితే సుమారు లక్ష లీటర్లు కిందికి పోతాయి. ఆ నీళ్లు పైనున్న చెరువుల నుంచి రావాలి. బర్మింగ్‌హామ్ కాలువలకు నీళ్లిచ్చే ఎడ్జ్‌బాస్టన్ చెరువును 1820లలో థామస్ టెల్ఫర్డ్ పెద్దది చేశాడు. పాకాల, రామప్ప ఆయకట్టు కింద పుట్టినవాళ్లకు ఆ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 వేసవిలో వానలు లేక అక్కడ చాలా కాలువల్లో పడవలను ఆపేశారు.

అందుకే రద్దీలో మర్యాద తెలియాలి. ఆగస్టులో, ముఖ్యంగా శని ఆదివారాలు, లాకుల ముందు పడవలు వరుస కడతాయి. లాకులో నీళ్లు ఎదుటి పడవ వైపు మట్టంతో సమానంగా ఉండి, అది కనుచూపు మేరలో వస్తుంటే మనం ఆగి దాన్ని ముందు రానివ్వాలి. మన కోసం లాకు ఖాళీ చేస్తే లక్ష లీటర్లు ఉత్తపుణ్యానికి పోయినట్టే. ఇంత చిన్న పద్ధతి పాటించని వాళ్లను చూస్తే నాకు నిజంగానే కోపమొస్తుంది. వరుసలో ఆగినప్పుడు ముందున్న పడవవాళ్ల తలుపు నెట్టి సాయం చేయడం అక్కడి అలవాటు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా ఆ గట్ల మీద స్నేహితులు దొరికారు.

ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. కిందికి దిగేటప్పుడు పై తలుపు కింద రాతి గడప ఒకటి ఉంటుంది. పడవ వెనక భాగం దాని మీద ఆగిపోతే, నీళ్లు దిగేకొద్దీ ముందు భాగం మునుగుతుంది. ఆ గడప ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది. షట్టర్ దగ్గర నేను నిలబడితే అల్లుడు పడవ మీది నుంచి ప్రతిసారీ అడుగుతాడు, "మామయ్యా, గీత దాటిన్నా?" "దాటినవ్ బిడ్డా, ఇంకో రెండడుగులు ముందుకు రా" అన్నాకే హ్యాండిల్ తిప్పుతాను. తిప్పేవాళ్ల కళ్లు పడవ మీదే ఉండాలి. ఫోను జేబులో ఉండాలి.

వరుస లాకులు ఒళ్లు హూనం చేస్తాయి. టార్డెబిగ్ దగ్గర 30 లాకులు ఒకదాని వెంట ఒకటి, పడవ 220 అడుగులు ఎక్కుతుంది. హాటన్‌లో 21. అవి వెడల్పువి కాబట్టి రెండు నారోబోట్లు పక్కపక్కనే పడతాయి, పనీ నీళ్లూ సగమవుతాయి. జత పడవ దొరికేదాకా కాసేపు ఆగడం మేలు.

పడవ లోపలి సంగతి. వేగ పరిమితి గంటకు నాలుగు మైళ్లు, కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా నెమ్మదిగా పోవాలి. డీజిల్ గంటకు లీటరు, లీటరున్నర. టౌన్లలో ప్లాస్టిక్ సంచులు నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాన్‌కు చుట్టుకుంటాయి, ఇంజన్ ఆపి వెనక మూత తీసి చేత్తో కోసి తీయాల్సిందే. కదిలించి తీసుకుపోయే డబ్బా టాయిలెట్టే మంచిది. పెద్ద ట్యాంకు రకమైతే పంపు ఉన్న చోటు దొరికేదాకా దిగులు. మా ఆవిడ చిన్న గ్యాస్ పొయ్యి మీద సర్వపిండి చేస్తుంది, కిటికీలు మూస్తే గోడలకు చెమ్మ పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 నుంచి తప్పనిసరి.

మన దుమ్ముగూడెం దగ్గర కూడా బ్రిటిష్ కాలంలో ఆనకట్టతో పాటు పడవల కోసం కాలువ, లాకులు కట్టారు. గోదావరి మీద పైకి పడవలు నడపాలన్న ఆ పనిని 1871లో ఆపేశారు. దాన్ని తలుచుకుంటే బాధేస్తుంది.

కొనాలనుకునేవాళ్లు ముందు ఒక వారం అద్దె పడవ తీసుకోండి. లైసెన్సు, బీమా అద్దెకిచ్చేవాళ్లే చూసుకుంటారు, నడపడం కూడా నేర్పుతారు. నవంబరు నుంచి మార్చి దాకా మరమ్మతుల కోసం లాకులు మూస్తుంటారు కాబట్టి మే, జూన్ ఎంచుకోండి, రద్దీ కూడా తక్కువ. విండ్‌లాస్‌లు రెండు ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి, ఒకటి నీళ్లలో పడితే రెండోది కావాలి.