13 నెలల వాడకం తర్వాత: నా చేతి బీపీ మిషన్

నర్సింగ్ చివరి పరీక్షలు అయిపోయిన వారంలోనే ఈ బీపీ మిషన్ కొన్నాను. బల్బుతో గాలి కొట్టే రకం, గుండ్రటి డయల్ మీద ముల్లు తిరుగుతుంది. దానితోపాటు విడిగా ఒక మామూలు స్టెతస్కోపు. ఇంకో నెలలో ఉద్యోగం వచ్చేస్తుంది, వార్డులో సొంత పరికరం ఉంటే మంచిదని అప్పుడు అనుకున్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు. మిషన్‌కు 13 నెలలు నిండాయి. అందుకే ఇది వార్డులో పనిచేసే వాళ్ల సమీక్ష కాదు, మొదటి ఉద్యోగం కోసం తిరుగుతూ ఇంట్లో దీన్ని రోజూ వాడిన నర్సు సమీక్ష.

ఉద్యోగం వెతుక్కునే నర్సుకు బోలెడంత ఖాళీ ఉంటుందని అందరూ అనుకుంటారు. పొద్దున మెయిల్ చూడటంతో మొదలై దరఖాస్తులు, సర్టిఫికెట్ల నకళ్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు, ఎవరూ ఎత్తని ఫోన్లతో సాయంత్రమైపోతుంది. దాదాపు ప్రతి ప్రకటనలోనూ అనుభవం కావాలనే ఉంటుంది. దానికన్నా నన్ను ఎక్కువగా భయపెట్టింది మరొకటి. శిక్షణలో ఒక్క పూటలో వార్డు మొత్తానికీ బీపీ చూసిన చేతులు, పని లేక మొద్దుబారిపోతాయేమోనని. సిద్ధాంతం మరిచిపోతే పుస్తకం తిరగేయవచ్చు. బల్బు దగ్గర గాలి వదిలే వాల్వు మర ఎంత తిప్పాలో వేలికి గుర్తుండాలంటే తిప్పుతూ ఉండాల్సిందే.

నా భయం నిజమేనని మూడో ఇంటర్వ్యూలో తేలింది. అప్పటికి మిషన్ కొని రెండు నెలలైనా పెట్టెలోంచి నాలుగైదుసార్లకు మించి తీయలేదు. ఇంటర్వ్యూలో ఒకామెకు బీపీ చూడమన్నారు. కంగారులో వాల్వు ఎక్కువగా తెరిచాను. ముల్లు 150 దగ్గర నుంచి 100 దాకా ఒక్క ఊపున జారిపోయింది. మధ్యలో ఎక్కడో స్టెతస్కోపులో నాడి శబ్దం మొదలైంది, ఏ అంకె దగ్గరో తెలియలేదు. మళ్లీ చూస్తానని అడగడానికి మొహమాటపడి 120/80 అని రాశాను. పరీక్షించే సీనియర్ నర్సు స్వయంగా చూశారు. 138/88 వచ్చింది. "విని రాశావా అమ్మా, ఊహించి రాశావా?" అని అడిగారు. ఊహించానని ఒప్పుకున్నాను. ఆమె కోప్పడలేదు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. 138 ఉన్న మనిషిని నా కాగితం మీద ఆరోగ్యవంతురాలిని చేసేశాను. నిజమైన వార్డులో ఆ అంకె చూసి డాక్టరు మందు ఆపేస్తే?

మర్నాటి నుంచి మిషన్ బయటే ఉంది. మా నానమ్మ, పై అంతస్తులో ఉండే రిటైరైన మాస్టారు, కింది ఇంట్లో ఉండే అత్తయ్యగారు రోజూ నాకు చేయి ఇచ్చారు. ఈ సమీక్షలో మిషన్‌కు వచ్చే మంచి పేరులో వాళ్లకూ వాటా ఉంది.

ముందు దీని బలం. వాల్వు మర చాలా నెమ్మదిగా, మెత్తగా తిరుగుతుంది. సెకనుకు 2 మిల్లీమీటర్ల (రక్తపోటును కొలిచే పాదరసపు మిల్లీమీటర్లు) చొప్పున ముల్లు దిగాలని చదువుకున్నాం. డయల్ మీద ఒక్కో గీత 2 మిల్లీమీటర్లే కాబట్టి సెకనుకు ఒక గీత. చెప్పడానికి తేలిక. బొటనవేలూ చూపుడువేలూ ఆ వేగాన్ని పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒకసారి పట్టుబడ్డాక చెవి పని సులువవుతుంది. ముందు నిశ్శబ్దం. తర్వాత దూరంగా ఎవరో తలుపు మీద వేలితో కొట్టినట్టు ఒక చిన్న టక్. ఆ వెంటనే ఇంకొకటి. అలా వరుసగా రెండు వినిపిస్తే మొదటిదే పై అంకె. అక్కడి నుంచి శబ్దం కాస్త గరగరలాడి, మళ్లీ స్పష్టమై, దుప్పటి కప్పినట్టు మందగించి, ఆగిపోతుంది. పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. 1905లో కొరోట్కాఫ్ అనే రష్యన్ వైద్యుడు ఈ శబ్దాల సంగతి బయటపెట్టాడని పరీక్ష కోసం బట్టీ పట్టాను. నానమ్మ చేతి మీద అవన్నీ ఒక్కొక్కటిగా విడివిడిగా విన్న రోజున ఆయన మీద నిజమైన గౌరవం కలిగింది.

గీతల విషయం ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే దీన్ని నాకు ఎవరూ నేర్పలేదు. గీతకు గీతకు మధ్య 2 ఉన్న డయల్ మీద చదివే అంకె సరిసంఖ్యే అవుతుంది. చేతి మిషన్‌తో 137 అని రాస్తే అది కంటితో చూసింది కాదు. అలాగే బీపీ రాసుకునే పుస్తకంలో అన్నీ 120, 130, 140 అని సున్నాలతోనే ఉంటే, రాసేవాళ్లు గుండ్రం చేస్తున్నారన్నమాట. నా మొదటి నెల నోటుపుస్తకం తిరగేస్తే సగానికి పైగా సున్నాలే. నాలుగో నెలకు 2, 4, 6, 8 అన్నీ కనిపించాయి. మనుషుల రక్తపోటు మారలేదు, నేను చూసే తీరు మారింది.

ఇక లోపాలు. మొదటిదీ పెద్దదీ కఫ్, అంటే చేతికి చుట్టి గాలి నింపే పట్టీ. పెట్టెలో ఒకే కొలత ఇచ్చారు. కఫ్ లోపలి రబ్బరు సంచి పొడవు చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. అత్తయ్యగారి చేయి లావు. ఈ కఫ్ ఆమెకు చిన్నది. చిన్న కఫ్ కడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా మొదట్లో నాకు స్ఫురించలేదు. వరుసగా నాలుగు రోజులు 150కి పైనే వస్తుంటే ఆవిడ ఉప్పు మానేసి, పాపం, దిగులు పెట్టుకున్నారు. పెద్ద కఫ్ విడిగా తెప్పించి చూస్తే 136. ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను. నానమ్మది సన్నటి చేయి. ఆమెకు ఇదే కఫ్ వదులు. వెల్క్రో చివరిదాకా చుట్టినా సరిగ్గా పట్టదు. ఒక్క కొలతే ఇచ్చి పెట్టె మీద పెద్దలందరికీ అని రాయడం ఆ కంపెనీ చేసిన పెద్ద తప్పు.

వెల్క్రో తొమ్మిదో నెలలో పట్టు వదిలింది. గాలి 180 దాటగానే చర్రున ఊడేది. దారపు పోగులూ వెంట్రుకలూ దువ్వెనతో తీసేస్తే కొంత బాగుపడింది, కొత్తది వేయించక తప్పలేదు. గొట్టం మడత పడే చోట సన్నని పగులు వచ్చింది. వాల్వు గట్టిగా బిగించి ఉన్నా ముల్లు తనంతట తాను దిగుతోందంటే గాలి ఎక్కడో పోతున్నట్టే.

డయల్ మీద నమ్మకం గురించి. ఒకసారి నా చేతిలోంచి మిషన్ జారి పడింది. ఆ తర్వాత గాలి లేనప్పుడు కూడా ముల్లు సున్నా దగ్గర కాకుండా 4 దగ్గర నిలిచింది. అంకెల్లోంచి 4 తీసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. లోపలి స్ప్రింగు ఏ అంకె దగ్గర ఎంత తప్పుతుందో మనకు తెలియదు. ముల్లు సున్నాకు వచ్చినా మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయని భరోసా లేదు. ఆరు నెలలకోసారి సరైన మిషన్‌తో పోల్చి సరిచేయించాలి. నేను రిపేరు చేయించి తెచ్చేదాకా పది రోజులు ఎవరికీ అంకె చెప్పలేదు. మాస్టారు చేయి చాపి కూర్చున్నా వద్దన్నాను.

పాదరసం మిషన్‌కు ఈ జబ్బు తక్కువ. కానీ పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలో వాటి తయారీ ఆపడానికి 2020 గడువు పెట్టారు, కొత్తగా చేరే నర్సులకు అవి చేతికి రావడం తగ్గుతోంది. మీట నొక్కితే అంకె చూపే డిజిటల్ మిషన్లు ఇంటివాళ్లకు మంచివి. పరీక్షించి ఆమోదించిన రకమైతే నేనే కొనమంటాను. కాకపోతే గుండె లయ తప్పిన వాళ్ల దగ్గర వాటి అంకె మీద అంత నమ్మకం ఉంచలేం. ఇంటర్వ్యూలో చేతి పని చూస్తే డిజిటల్ ఆదుకోదు.

ఏ మిషన్ అయినా, దాని తప్పులకన్నా మనం చూసే తీరులోని తప్పులే ఎక్కువ. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు, మాటలు వద్దు, చేయి గుండె ఎత్తులో ఏదైనా ఆధారం మీద ఉండాలి. చేయి గుండెకన్నా పది సెంటీమీటర్లు కిందికుంటే దాదాపు 8 ఎక్కువ వస్తుంది. మాస్టారికి మాట్లాడకుండా కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం. "ఒక్క మాట చెప్పి ఆపేస్తానమ్మా" అంటారు. ఆ ఒక్క మాట అయ్యాక నేను మళ్లీ అయిదు నిమిషాలు లెక్క పెట్టుకుంటాను.

స్టెతస్కోపు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చెవి ముక్కలు ముందుకు, ముక్కు వైపు తిరిగి ఉండేలా పెట్టుకుంటే ఏ మామూలు రకమైనా బీపీకి చాలు. గొట్టం మెడకు తగలకుండా చొక్కా కాలరు మీద వేసుకోండి, చర్మపు జిడ్డుకు అది బిరుసెక్కుతుంది.

పోయిన వారం మళ్లీ ఒక ఇంటర్వ్యూలో బీపీ చూడమన్నారు. కూర్చున్న ఆయన చేయి చూసి పెద్ద కఫ్ ఉందా అని అడిగాను. వెతికి తెచ్చేదాకా ఆగాను. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొడుతూ, అది అందకుండా పోయిన అంకె చూసుకుని, దానికి 30 పైదాకా గాలి కొట్టాను. మొదటిసారి బయట ట్రాలీ చప్పుడుకు కింది అంకె సరిగా వినబడలేదు. "ఒక నిమిషం ఆగి మళ్లీ చూస్తాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది. 146/92 రాశాను. ఫలితం ఇంకా తెలియలేదు.

నర్సింగ్ పూర్తిచేసి ఇంటి దగ్గర ఉన్నవాళ్లు తప్పకుండా కొనవలసిన పరికరం ఇది. నేను కొన్న రకాన్నే కొనమని చెప్పను. వాల్వు మీ వేళ్లతో తిప్పి చూడండి. గాలి తీసేశాక ముల్లు సున్నా మీదే నిలుస్తోందో లేదో చూడండి. చిన్న, పెద్ద కఫ్‌లు విడిగా దొరుకుతాయా, ముల్లు సరిచేసే చోటు ఉందా అని డబ్బు కట్టకముందే అడగండి. నేను ఈ రెండు ప్రశ్నలూ కొన్న తర్వాత అడిగాను, పెద్ద కఫ్ కోసం ఆరు వారాలు ఆగాల్సి వచ్చింది.