కర్రీ పాయింట్‌కి స్టీలు క్యారియర్: వాడాక నా మాట

ఇంట్లో ప్లాస్టిక్ తగ్గించాలనుకున్న వాళ్లు ముందు వంటింటి డబ్బాల మీద పడతారు. కందిపప్పు డబ్బా, రవ్వ డబ్బా అన్నీ తీసేసి వేలు పోసి గాజువి కొంటారు. నన్నడిగితే అవి చివర మార్చినా ఏం కాదు. ప్లాస్టిక్‌లోని రసాయనాలు, కంటికి కనిపించని తునకలు తిండిలోకి ఎక్కువగా దిగేది వేడి తగిలినప్పుడు, దానికి నూనె, పులుపు తోడైనప్పుడు, మరి అవన్నీ ఒకేచోట కలిసేది ఎక్కడంటే కర్రీ పాయింట్‌లో సలసల కాగే సాంబారుని పల్చటి కవర్లో పోసి దారం చుట్టి చేతికిచ్చే దగ్గర. హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర వైపు హాస్టళ్లు ఎన్నో కర్రీ పాయింట్లు అన్ని. ఇద్దరం ఉద్యోగాలకు పోయే ఇల్లు మాది, అన్నం ఇంట్లో వండుకుని కూర బయట తెచ్చుకునే రోజులు తక్కువేం కాదు.

అందుకే ఒక మూడు గిన్నెల స్టీలు క్యారియర్ కొన్నాను. వరంగల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణంలో ఏడొందల చిల్లర అయింది. పక్కకి గట్టి క్లిప్పులు, పైన పట్టుకోవడానికి పిడి, మూత కూడా పూర్తిగా స్టీలే. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక "ప్లాస్టిక్ లేని" లంచ్ సెట్ తెప్పిస్తే గిన్నెలు స్టీలువే వచ్చాయి, మూతలు మాత్రం ప్లాస్టిక్‌వి. ఆవిరంతా ఆ మూతకే తగిలి చుక్కలు చుక్కలుగా మళ్లీ కూరలోనే పడుతుంటే ఇంక దాన్ని కొని ఏం లాభం? వాపసు ఇచ్చేశాను.

దుకాణంలో ఏ గిన్నె తీసినా "ఇది 304 మేడం" అంటారు. 304 అంటే దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టీలు, 202 అనే ఇంకో రకం స్టీలులో నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ వేస్తారు కాబట్టి చవక, పులుపుకీ ఉప్పుకీ తట్టుకోవడం కూడా కొంచెం తక్కువే. అయస్కాంతం పెట్టి చూడమని అందరూ సలహా ఇస్తారు గానీ దాంతో తేలేది సగమే. గట్టిగా అంటుకుంటే అది 304 కాదని చెప్పొచ్చు, అంటుకోకపోతే 304 అని మాత్రం చెప్పలేం, ఎందుకంటే 202కి కూడా అంటుకోదు. గిన్నె అడుగున గ్రేడు ముద్ర ఉందో లేదో చూసి, బిల్లు మీద కూడా రాయించుకున్నాను. రాయనన్న దుకాణంలో కొనకండి.

ఇక వాడకం. మొదటి చిక్కు క్యారియర్‌తో కాదు, టైముతో. మధ్యాహ్నం పన్నెండు దాటితే కూరలన్నీ కవర్లలో కట్టి వరసగా పెట్టేసి ఉంటాయి. "కట్టినయే ఉన్నయ్ అక్కా, గివి ఇప్పి పోయాల్నా?" అని అడిగాడు కౌంటర్లో ఉన్న తమ్ముడు. కవర్లో ఉన్నది విప్పి స్టీలులో పోసుకుంటే ఒరిగేదేం లేదు కదా. అందుకని కాస్త ముందే వెళ్లి గంజులోంచే పోయించుకుంటున్నాను. కొలత దగ్గర కూడా మొదట్లో తకరారే, కవరుకైతే వాళ్లకి లెక్క తెలుసు, గిన్నెకి తెలియదు. అయితే ఇప్పుడు గరిటెల లెక్కన పోస్తున్నారు, నిజం చెప్పాలంటే కవర్లో కంటే ఒక మెతుకు ఎక్కువే వస్తోంది.

కారడం సంగతి: మూతకి రబ్బరు రింగు లేదు కాబట్టి కొంచెం కారుతుంది. సాంబారు కింది గిన్నెలో, అదీ ముప్పావు వరకే పోయించుకుని, పైన వేపుడు, పప్పు పెట్టుకుంటే స్పీడ్ బ్రేకర్ల మీద కూడా ఇబ్బంది రాలేదు. నిండుగా పోయిస్తే మాత్రం స్కూటీ ముందు భాగమంతా సాంబారే. ఒకటే పొర స్టీలు కాబట్టి పోయించిన వెంటనే బాగా కాలుతుంది, గిన్నెలు పట్టుకుని పేర్చడానికి గుడ్డ ఉండాల్సిందే. వేడి ఎక్కువసేపు నిలవదు, కూర ఇంటికొచ్చేసరికి గోరువెచ్చగా అవుతుంది. దూరం నుంచి తెచ్చుకునే వాళ్లకి ఇది నచ్చదు.

కడగడం హాయి. బోటి కూర తెచ్చినా వాసన పట్టలేదు, పసుపు మరక లేదు. మామిడి తొక్కు నిల్వకి మాత్రం దీన్ని వాడకండి, అంత ఉప్పు వారాల తరబడి ఉంటే స్టీలుకి కూడా గుంటలు పడతాయి. తొక్కుకి జాడీయే.

ఈ ప్లాస్టిక్ తునకలు ఒంట్లోకి పోయి ఎంత చెరుపు చేస్తాయన్నది పరిశోధకులు ఇంకా తేలుస్తూనే ఉన్నారు. ఏడొందలతో, ఇంత తేలిగ్గా తగ్గించుకోగలిగే దాన్ని ఎందుకు మింగాలి అన్నదే నా లెక్క. ఊరి చెత్త తగ్గితే సంతోషమే గానీ నేను కొన్నది నా కడుపు కోసం. అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి కారడానికీ చల్లారడానికీ.

చాయ్ పార్శిల్‌కి ఇది పనికిరాదు. అలాగని పేపర్ కప్పు మంచిదనుకోకండి, దాని లోపల కూడా ప్లాస్టిక్ పొరే ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చెప్పినదాని ప్రకారం 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు అందులో 15 నిమిషాలు ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ తునకలు నీళ్లలోకి దిగాయి. చాయ్‌కి చిన్న స్టీలు ఫ్లాస్క్ వేరేగా చూసుకోండి, కొనే ముందు మూత తిప్పి లోపలి వైపు కూడా చూడండి, చాలావాటికి అక్కడ ప్లాస్టిక్కే ఉంటుంది.