అగ్గిపుల్లలు, వాల్వ్ ట్యూబు: ఏళ్ల తరబడి పిల్లలతో వాడిన సైన్స్ పుస్తకం మీద సమీక్ష

పిల్లల సైన్స్ పుస్తకం మంచిదో కాదో కొత్తలో తెలియదు. రెండు మూడు బ్యాచ్‌ల చేతుల్లో నలిగాక, ఏ పేజీలు మాసిపోయాయో, ఏవి తెల్లగా మిగిలాయో చూస్తే తెలుస్తుంది. అరవింద్ గుప్తా రాసిన ‘మ్యాచ్‌స్టిక్ మోడల్స్ అండ్ అదర్ సైన్స్ ఎక్స్‌పెరిమెంట్స్’ను ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో చాలాకాలం వాడాక చెబుతున్న మాట: అందులోని అగ్గిపుల్లల భాగం ఒక్కటి చాలు, ఆ పుస్తకం కొనడానికి. మిగతా భాగాల్లో కొన్నింటికి ఈనాటి సామాన్లు వెతుక్కోవాలి.

పుస్తకం ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో ఒక సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. పాఠం వల్లె వేయడం కాదు, ప్రతి పిల్లా పిల్లవాడూ చేత్తో చేసి చూడాలన్నది దాని పట్టుదల. ఐఐటీ కాన్పూర్‌లో చదివి పుణెలో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) కంపెనీలో ఇంజినీరుగా పనిచేస్తున్న గుప్తా, 1978లో సెలవు పెట్టి అక్కడికి వెళ్లారు. పల్లె సంతలో, సైకిల్ షాపులో దొరికే వస్తువులే ప్రయోగశాల అయ్యాయి. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని ముందుకు తీసుకెళ్లింది. ఆనాటి సంతలో దొరికినవన్నీ ఇప్పుడు మన ఊళ్లో దొరకవు. చిక్కంతా అక్కడే.

ముందు వాల్వ్ ట్యూబు సంగతి. పాతకాలం సైకిల్ వాల్వుకు తొడిగే సన్నని నల్ల రబ్బరు గొట్టం ఇది. అగ్గిపుల్లలను కలిపే కీళ్లు దీని ముక్కలతోనే చేస్తారు. పాత సైకిల్ షాపుల్లో ఇప్పటికీ మీటర్ల లెక్కన అమ్ముతారు. కొనేముందు ఒక కొసను రెండింతలు సాగదీసి చూడాలి. షాపులో ఎండకు వేలాడిన ట్యూబు పగుళ్లిచ్చి తెగిపోతుంది, దాన్ని తీసుకోవద్దు. ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే మీటరుకు 66 ముక్కలు వస్తాయి. కత్తెర చాలు, పిల్లలకు బ్లేడు ఇవ్వనక్కర్లేదు.

అగ్గిపుల్లలు చెక్కవే కావాలి. మైనం పుల్లలు ట్యూబులోకి దూర్చగానే వంగిపోతాయి. తల మీది మందును గీకెయ్యాలి, ఆ పని పెద్దవాళ్లే చెయ్యాలి. రాలిన మందుపొడిని నీళ్లలో తడిపి పారబోయాలి, పొయ్యి దగ్గర కూర్చుని గీకడం అసలే కూడదు. వెలిగించి ఆర్పేసిన పుల్లలు వాడదామని కొందరు చూస్తారు. కాలిన కొస ట్యూబులోనే విరిగి, ముక్క ఇరుక్కుపోయి, ఆ కీలు పనికిరాకుండా పోతుంది. మందు లేని పుల్లలు క్రాఫ్టు సామాన్ల దుకాణాల్లో దొరుకుతున్నాయి, పెద్ద తరగతికి అవే మేలు. కొబ్బరి చీపురు పుల్లలు చవకే కానీ ఒక కొస లావు, ఒక కొస సన్నం. సన్నం కొస కీలులో నిలవదు.

ఒక ముక్కకు రెండు పక్కలా రెండు పుల్లలు దూర్చితే రెండు కాళ్ల కీలు. మూడు పుల్లలు, మూడు ముక్కలతో త్రిభుజం. నాలుగేసి అయితే చతురస్రం, అయిదేసి అయితే పంచభుజి. పిల్లలు వాటిని వేళ్లతో నొక్కి చూస్తారు. చతురస్రం వాలిపోతుంది, పంచభుజి ఎటుపడితే అటు వంగుతుంది, త్రిభుజం మాత్రం కదలదు. ఇంటి పైకప్పు దూలాల కట్టులో, సైకిల్ ఫ్రేములో, పొలాల్లోని హైటెన్షన్ టవర్లలో త్రిభుజాలే ఎందుకుంటాయో ఆ నొక్కుడులోనే తెలిసిపోతుంది. పుల్లలు ప్రతి కీలులోనూ ఒకే లోతు దిగాలి. ఒకటి సగం దాకా, ఇంకొకటి కొస దాకా పోతే భుజాల పొడవు మారి బొమ్మ వంకర తిరుగుతుంది. చిన్నపిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

మూడు కాళ్ల కీలుకు, రెండు కాళ్ల కీలు నడుమ అడ్డంగా తుమ్మ ముల్లుతో కన్నం పెట్టి, కొస చెక్కిన మూడో పుల్లను దూర్చాలి. ముల్లు కొసనుంచి క్రమంగా లావెక్కుతుంది కాబట్టి రబ్బరు చీరుకోకుండా కన్నం తెరుచుకుంటుంది. తుమ్మ ముల్లు దొరకని పట్నంలో గోనెసంచులు కుట్టే దబ్బనం వాడవచ్చు, కాకపోతే మెల్లగా తిప్పుతూ గుచ్చాలి. త్రిభుజం మూడు మూలల్లోనూ అలా పుల్లలు నిలబెట్టి, పైకొసలను నాలుగో కీలులో కలిపితే చతుర్ముఖి, అంటే నాలుగు త్రిభుజాల ముఖాలున్న బొమ్మ. ఆరు పుల్లలు, నాలుగు కీళ్లు. ఎటు నొక్కినా బిగుసుకునే ఉంటుంది.

నాలుగు కాళ్ల కీలు దగ్గర పుస్తకంలోని బొమ్మ ఒకటి చూసి చేసెయ్యడం కష్టం. అక్కడ పెద్దవాళ్ల సాయం కావాలి. రెండు సెంటీమీటర్ల ముక్కలు రెండు తీసుకోవాలి. మొదటిదానికి అడ్డంగా కన్నం పెట్టాలి. రెండోదాని కొసలోకి చెక్కిన పుల్లను సూదిలా దూర్చి, ఆ పుల్లను కన్నంలోంచి అవతలికి పంపాలి. ఈలోగా పక్కనున్నవాళ్లు మొదటి ముక్కను రెండు కొసలా లాగి పట్టుకోవాలి. రెండో ముక్క సగం దాకా రాగానే వదిలేస్తే కూడిక గుర్తు ఆకారంలో నాలుగు కాళ్లు నిలుస్తాయి. ఒక్కరే చేస్తే రబ్బరు జారిపోతుంది, జోడీలుగా కూర్చోబెట్టాలి. ట్యూబు మీద కాస్త మొహానికి రాసుకునే పౌడరు చల్లితే సులువుగా జారుతుంది. ఆ నాలుగు కాళ్లలో రెంటి గుండా మూడో ముక్కను ఇలాగే లాగితే ఆరు కాళ్ల కీలు అవుతుంది. అందులో ఒక కాలు ఖాళీగా వదిలితే అయిదు కాళ్లది. ఇరవై త్రిభుజాల ముఖాలుండే వింశతిముఖికి ఇలాంటి అయిదు కాళ్ల కీళ్లు 12, పుల్లలు 30 కావాలి. కీలుకు మూడు ముక్కల చొప్పున 36 ముక్కలు, అంటే 72 సెంటీమీటర్ల ట్యూబు. తెగిపోయేవి కలుపుకుని మీటరు తెచ్చుకుంటే సరిపోతుంది. ఒక జట్టుకు రెండు పీరియడ్లు పడుతుంది, ఒక్క పీరియడులో ముగించాలని తొందరపెట్టకూడదు.

ఎనిమిదో తరగతి పిల్లలకు దీని మీద ఒక లెక్క ఇచ్చి చూడండి. బల్ల మీద పడుకోబెట్టే బొమ్మ బిగుసుకోవాలంటే కీళ్ల సంఖ్యను రెండుతో హెచ్చించి మూడు తీసెయ్యాలి, కనీసం అన్ని పుల్లలు కావాలి. త్రిభుజానికి మూడు, ఉన్నవి మూడే. చతురస్రానికి అయిదు, ఉన్నవి నాలుగు, ఒక కర్ణం తక్కువ. నిలబడే బొమ్మలకైతే కీళ్లను మూడుతో హెచ్చించి ఆరు తీసెయ్యాలి. చతుర్ముఖికి ఆరు, వింశతిముఖికి 30, రెండూ సరిపోయాయి. ఘనానికి కీళ్లు ఎనిమిది, కావలసినవి 18, ఉన్నవి 12. తక్కువైన ఆరూ ఒక్కో ముఖానికి ఒక్కో కర్ణం. ఈ కర్ణం దగ్గర పిల్లలు అదే అగ్గిపుల్లను పెట్టి, చతురస్రం సమచతుర్భుజంగా వాలిపోయిందని గోల చేస్తారు. చెయ్యనివ్వండి. కర్ణం భుజానికి 1.41 రెట్లు ఉండాలని అప్పుడే తలకెక్కుతుంది. చీపురు పుల్లను కొలిచి విరుచుకోమనండి.

గుప్తా పుస్తకాల్లో కనిపించే టార్చి సెల్లు మోటారు కూడా బాగా పనిచేస్తుంది, కానీ తిరగకపోతే ఎందుకు తిరగలేదో వెతుక్కోవడం రావాలి. మోటార్లు వైండింగు చేసే షాపులో 22 లేదా 24 గేజి రాగి తీగ మీటరు తెచ్చి, పెద్ద సెల్లు చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టి, మిగిలిన కొసలను ఎదురెదురుగా చాపాలి. సెల్లు రెండు కొసలకూ రెండు పిన్నీసులను సైకిల్ ట్యూబు బ్యాండుతో బిగించి, వాటి కళ్లలో తీగ కొసలు ఆనించి, చుట్ట కింద సెల్లు మీద అయస్కాంతం పెట్టాలి. తీగ మీది పూతను ఒక కొసన చుట్టూ గీకాలి, రెండో కొసన మూడు వైపులే గీకి అడుగు వైపు వదలాలి. ఆ వదిలిన పూత వల్ల ప్రతి చుట్టులో కాసేపు కరెంటు ఆగుతుంది, అప్పుడు చుట్ట ఊపు మీద తిరుగుతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకితే అది ముందుకూ వెనక్కూ ఊగి ఆగిపోతుంది.

తిరగని మోటారులో ఎక్కువసార్లు దోషం పూత దగ్గరే. ఇప్పటి వైండింగు తీగ పూత గట్టిది, గోటితో రాదు, ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దాలి. తర్వాతి అనుమానం తుప్పుపట్టిన పిన్నీసు. ఆ తర్వాత చుట్ట ఒక పక్కకు బరువు కావడం. చుట్ట కదలకుండా ఉంటే అది షార్టు సర్క్యూట్ కిందే లెక్క, సెల్లు వేడెక్కుతుంది, వెంటనే తీసెయ్యాలి. మామూలు 1.5 వోల్టుల జింక్ కార్బన్ సెల్లే వాడాలి, ఫోన్లలోని లిథియం బ్యాటరీల జోలికి పిల్లల్ని వెళ్లనివ్వకూడదు.

పాత కెమెరా ఫిల్ము రోలు డబ్బాతో చేసే పంపు మాత్రం ఇప్పటి పిల్లలకు అందదు, ఆ డబ్బాలే లేవు. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజి పెడదామని చాలామంది అంటారు. నీళ్లు పీలుస్తుంది నిజమే, కానీ అందులో వాల్వు లేదు. నీళ్లు ఒకవైపే పోయేలా తెరుచుకుని మూసుకునే ఆ రెక్కే పంపులో అసలు పాఠం. మూత గట్టిగా పట్టే మాత్రల డబ్బా తెచ్చి, కన్నం మీద సైకిల్ ట్యూబు ముక్కను ఒక అంచున మాత్రమే అతికించి రెక్కలా వదలడం మేలు.

పుస్తకం మన్నిక గురించి కూడా చెప్పాలి. ఇలాంటి పుస్తకాన్ని తెరిచి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ పనిలో ఉంచాలి. మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకం పరుచుకుని ఉంటుంది. వెన్నుకు గమ్ము అంటించినది దానంతటదే మూసుకుపోతుంది, పిల్లలు నొక్కి తెరిస్తే కాగితాలు ఊడొస్తాయి. గుప్తా వెబ్‌సైటులో పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి, తెలుగువి కూడా. గీతల బొమ్మలు కాబట్టి నలుపు తెలుపు ప్రింటు సరిపోతుంది. కాగితం ఆదా అని ఒక షీటుకు రెండు పేజీలు తీస్తే మాత్రం కీళ్ల బొమ్మలు కనబడవు.

ఈ ప్రయోగాల పుస్తకాలకు సామాను పాతబడుతుంది, విజ్ఞాన సర్వస్వం తరహా పుస్తకాలకు సమాచారమే పాతబడుతుంది. కాబట్టి ఆ రకం కొనేటప్పుడు ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ చూడండి. ప్లూటోను తొమ్మిదో గ్రహమంటే 2006కు ముందటి పాఠం. దేశంలో రాష్ట్రాలు 29 అని ఉంటే అది 2014 జూన్‌కూ 2019 అక్టోబరుకూ మధ్యది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి పాలపిట్ట అని ఉన్నా పాతదే. అది ఇప్పుడు తెలంగాణది, ఆంధ్రకు 2018 నుంచి రామచిలుక. కొత్త ముద్రణ అని అట్ట మార్చి లోపల మార్చనివి కూడా వస్తుంటాయి, ఈ మూడూ చూస్తే దొరికిపోతాయి.

బడి గ్రంథాలయానికైతే అగ్గిపుల్లల పుస్తకం నలుగురికి ఒకటి చొప్పున తీసుకోండి. దాంతోపాటు జట్టుకొక మీటరు వాల్వ్ ట్యూబు, రెండు అగ్గిపెట్టెల పుల్లలు, ఒక దబ్బనం పెట్టిన డబ్బా కూడా పుస్తకం పక్కనే ఉంచండి. అయిదో తరగతి లోపు పిల్లలకు రెండు కాళ్ల కీలు వరకే చాలు.