బిల్లుకు ముందు, బిల్లు తర్వాత: ఒకే షోరూమ్‌తో తొమ్మిదేళ్ల అనుభవం

విశాఖపట్నం ద్వారకానగర్ ప్రాంతంలోని ఒక గృహోపకరణాల షోరూమ్‌లో 2016 నుంచి కొంటున్న వినియోగదారురాలిగా ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ తొమ్మిదేళ్లలో మా ఇంటికి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజర్, మూడు సీలింగ్ ఫ్యాన్లు, రెండు మిక్సీలు అక్కడి నుంచే వచ్చాయి. వస్తువుల గురించి నాకు పెద్దగా అసంతృప్తి లేదు. ధరలు కూడా నేను విచారించిన జగదాంబ, డాబా గార్డెన్స్ దుకాణాల కంటే కాస్త తక్కువగానే ఉంటూ వచ్చాయి. నేను చెప్పదలచుకున్నది అక్కడివారి మాటతీరు గురించి, అది ఏ క్షణంలో మారిపోతుందో ఇన్నేళ్లలో నేను గమనించిన దాని గురించి.

కొనడానికి వెళ్లినవారికి అక్కడ ఆదరణలో ఏ లోటూ ఉండదు. కుర్చీ వేస్తారు, మంచినీళ్లు ఇస్తారు, ఎండాకాలమైతే మజ్జిగ కూడా ఇస్తారు, నాలుగు మోడళ్లు అడిగితే ఆరు చూపిస్తారు. అదే మనిషి వారం తరువాత చేతిలో బిల్లుతో, సంచిలో పాడైన వస్తువుతో వెళితే మెట్ల వెనక ఉన్న ఫిర్యాదుల కౌంటర్‌కు పంపిస్తారు. అక్కడ కూర్చోవడానికి కుర్చీ ఉండదు.

2021 ఆగస్టులో మా అమ్మను వెంటబెట్టుకుని ఆ కౌంటర్‌కు వెళ్లాను. అప్పటికి అమ్మ వయసు 71 ఏళ్లు. రెండు రోజుల కిందట కొన్న మిక్సీలో మొదటిసారి కొబ్బరి పచ్చడి రుబ్బగానే పెద్ద జార్ అడుగున, బ్లేడు కింది బుష్ దగ్గర నుంచి నల్లటి జిడ్డు నీరు కారి వంటగట్టు మీద మడుగు కట్టింది. అమ్మ ఆ జార్‌ను శుభ్రంగా కడిగి, పాత తువ్వాలులో చుట్టి తెచ్చింది. కౌంటర్‌లోని యువకుడు ఫోన్ నుంచి తల ఎత్తకుండానే "ఏంటి, చెప్పు" అన్నాడు. అమ్మ తువ్వాలు విప్పి, కారుతున్న చోట వేలు పెట్టి చూపించబోతే, జార్‌ను ఒక్కసారి తిప్పి చూసి కౌంటర్ మీద మా వైపు తోసేసి, "నీళ్లు ఎక్కువ పోస్తే కారకేం చేస్తుంది? వాడటం రాకపోతే మేమేం చేస్తాం?" అన్నాడు. యాభై ఏళ్లుగా రోట్లోనూ, గ్రైండర్‌లోనూ, మిక్సీలోనూ రుబ్బుతున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. అమ్మ ఏమీ అనలేదు. జార్‌ను మళ్లీ తువ్వాలులో చుట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. నాకు బాధ కలిగించింది "నువ్వు" అనే పిలుపు మాత్రమే కాదు. మన ఉత్తరాంధ్రలో పెద్దవారిని కూడా "నువ్వు" అని పలకరించే అలవాటు ఉంది. పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మే ముసలమ్మ "ఏటి కావాలమ్మా నీకు" అని అడిగితే అందులో ఉండేది చనువే తప్ప చులకన కాదు, ఎందుకంటే ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు మన ముఖం మీదే ఉంటాయి. షోరూమ్ కుర్రవాడు కింది అంతస్తులో వస్తువు అమ్మేటప్పుడు ఇదే అమ్మను "మేడమ్, మీరు" అంటూ పిలిచినవాడే. డబ్బు చేతికి అందాక ఆ బహువచనం ఎటు పోయిందన్నదే నా ప్రశ్న.

ఆ రోజు నేను గొంతు పెంచి వాదించాను. పదిమంది చూశారు, ఫలితం మాత్రం శూన్యం. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున ఉన్న వరుసను చూపించి మమ్మల్ని పంపించేశారు. ఇంటికి వచ్చి నిదానంగా ఆలోచించినప్పుడు తోచింది ఏమిటంటే, ఆ దురుసుతనానికి ఒక ప్రయోజనం ఉంది. అవమానపడిన మనిషి అవమానం గురించే పోట్లాడతాడు, జార్ సంగతి మరిచిపోతాడు. అందుకే మరునాటి నుంచి నేను మాటను పక్కనపెట్టి, వస్తువు గురించి మాత్రమే, అదీ కాగితం మీద మాత్రమే మాట్లాడటం మొదలుపెట్టాను.

పెట్టెతో అమ్మే వస్తువు మీద వినియోగదారులు సంప్రదించవలసిన ఫోన్ నంబరు, చిరునామా ముద్రించి ఉండాలి. మొదట ఆ నంబరుకు చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాను. కంపెనీవారు షోరూమ్‌కు వెళ్లమన్నారు, షోరూమ్‌వారు కంపెనీని అడగమన్నారు. అలా నాలుగు రోజులు గడిచాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు (దాని ఇప్పటి నంబరు 1915) ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు సంఖ్య, తేదీ, లోపం వివరాలు ఓపికగా రాసుకుని ఒక నమోదు సంఖ్య ఇచ్చారు. పన్నెండో రోజున షోరూమ్ నుంచి "జార్ మార్చి ఇస్తాం, రండి" అని ఫోన్ వచ్చింది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువు లోపల, గడువు పేర్కొనకపోతే 30 రోజుల లోపల, వెనక్కు తీసుకోవడానికి నిరాకరించడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అటువంటిదే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ కౌంటర్ దగ్గర నేను అరిచి ఉండేదాన్ని కాదు.

హెల్ప్‌లైన్ గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అది న్యాయస్థానం కాదు. మన ఫిర్యాదును వ్యాపారికి చేరవేసి, సమాధానం రాబట్టే ప్రయత్నం చేస్తుంది, అంతవరకే. వ్యాపారి మొండికేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసిందే, ఆ కమిషన్ విశాఖలోనే ఉంది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్లలోగా వేయాలి. వస్తువు గురించి కాకుండా, మర్యాదగా మాట్లాడలేదన్న ఒక్క కారణంతో అక్కడ నెగ్గడం కష్టమని నా అభిప్రాయం. 2022లో వాషింగ్ మెషీన్ బిగింపు ఆలస్యమైనప్పుడు రెండోసారి ఆ హెల్ప్‌లైన్‌కు చేశాను. అప్పుడు జవాబు రావడానికి నెల దాటింది.

షోరూమ్‌వారి మాట నిజమైన సందర్భం కూడా ఒకటి ఉంది. మాది పెదవాల్తేరు. సముద్రపు ఉప్పుగాలికి మా ఫ్రిజ్ తలుపు అడుగు అంచు, వెనక పలక తుప్పు పట్టాయి. 2023లో అడగడానికి వెళితే అదే కౌంటర్‌లో మరొక ఉద్యోగి అందరూ వినేలా "బీచ్ పక్కన ఇల్లు పెట్టుకుని మా మీద పడితే ఎలా?" అన్నాడు. నేను అతనితో వాదించకుండా నోటు పుస్తకం తీసి తేదీ, సమయం రాసుకుని, "మీ పేరు చెప్పండి. వారంటీ ఎందుకు వర్తించదో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి" అని మామూలు గొంతుతో అడిగాను. అతను లేచి మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు. మేనేజర్ వారంటీ కార్డులో తుప్పుకు పూచీ లేదన్న వరుసను వేలితో చూపించి, ఫ్రిజ్‌ను గోడకు కొంచెం ఎడంగా జరపమని, అంచులను తరచు పొడిగుడ్డతో తుడవమని, తుప్పు గీకించి రంగు వేయించుకుంటే మరికొన్నేళ్లు వస్తుందని చెప్పాడు. ఇద్దరు చెప్పిందీ ఒకటే, వారంటీ రాదని. మేనేజర్ మాట విని నేను ఫ్రిజ్‌కు రంగు వేయించాను, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

అప్పటి నుంచి "రాసి ఇవ్వండి" అన్న రెండు మాటలను ఆ షోరూమ్‌లో మూడుసార్లు వాడాను. మూడుసార్లూ వాళ్లు కాగితం రాసివ్వలేదు, పని మాత్రం చేసిపెట్టారు. అయితే అడిగే ధైర్యం, తీరిక లేనివారి సంగతి ఏమిటన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ మెట్ల వెనక నిలబడి, నాలుగు మాటలు పడి, పాడైన ఇస్త్రీ పెట్టెను సంచిలో వేసుకుని తిరిగి వెళ్లిపోయిన పెద్దవారిని నేను కళ్లారా చూశాను.

పెద్ద వస్తువులు ధర కోసం ఇంకా అక్కడే కొంటున్నాను. చిన్నవాటికి మాత్రం ఎంవీపీ కాలనీలోని ఒక చిన్న దుకాణానికి వెళుతున్నాను. అక్కడి పెద్దాయన కుక్కర్ గ్యాస్కెట్ అడిగితే పాతదాన్ని కొత్తదాని మీద పెట్టి, చుట్టూ వేలితో తడిమి చూసి గానీ డబ్బు తీసుకోడు.

2021 ఆగస్టు తర్వాత మా అమ్మ ఆ షోరూమ్ మెట్టు ఎక్కలేదు. ఈ ఏడాది పాత మిక్సీ మోటారు కాలిపోయి కొత్తది కొనడానికి నేను బయలుదేరుతుంటే, బిల్లు వేయకముందే మూడు జార్లలోనూ నీళ్లు పోయించి, తిప్పించి, కింద కాగితం పరిచి చూడమని చెప్పింది. అలాగే చూశాను. కింది అంతస్తులోని అమ్మాయి విసుక్కోకుండా మూడూ తిప్పి చూపించింది, కాగితం తడవలేదు. ఆ తరువాతే బిల్లు వేయమన్నాను.