నెలకో అంశం, వారానికో రికార్డు: ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ ఈ పనికి సరిపోతుందా?

ముందుగా తీర్పు. ఆడియో-టెక్నికా వాళ్ళ ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ రికార్డు ప్లేయరు పన్నెండంగుళాల ఎల్పీలకూ ఏడంగుళాల ఈపీలకూ బాగానే సరిపోతుంది. నాదస్వరం దగ్గర కాస్త తడబడుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులకు అసలు పనికిరాదు. ఐదుకి మూడున్నర.

ఏ పనికి సరిపోతుందో చెప్పకుండా ప్లేయరు బాగుందనడం దండగ. ఇక్కడి పని ఇది: రికార్డులు వినేవాళ్ళు కొందరు కలిసి నెలకో అంశం పెట్టుకుంటారు, వారానికో రికార్డు ఎంచుకుంటారు, ఏ వైపు ఏ పాట ఎందుకు వినాలో మిగతావాళ్ళకు రాస్తారు. ఈసారి అంశం, పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాళ్ళూ పెరిగినవాళ్ళూ. నాలుగు వారాలకు నలుగురు: నెల్లూరు హరికథకులు సాంబమూర్తి గారబ్బాయి బాలసుబ్రహ్మణ్యం, ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి, కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా, సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడు ఆత్రేయ. ఎనభైల స్టీరియో ఎల్పీ, యాభైల మోనో పాట, గుక్క తిప్పుకోని సన్నాయి, చిన్న ఈపీ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి గనక ప్లేయరుకు ఇంతకన్నా మంచి పరీక్ష అక్కర్లేదు.

బిగించడం పావుగంట పని. రికార్డును తిప్పే పళ్ళెం లోపలి అంచుకు బెల్టు చుట్టే వస్తుంది, దానికో రిబ్బను ముక్క కట్టి ఉంటుంది. పళ్ళేన్ని కడ్డీ మీద పూర్తిగా దించి, పైనున్న కంతలోంచి ఆ రిబ్బను పట్టుకుని బెల్టును మోటారు తాలూకు ఇత్తడి కప్పీ మీదికి లాగాలి. రిబ్బను తీసేశాక పళ్ళేన్ని చేత్తో ఓ పదిసార్లు తిప్పాలి. ఇది చాలామంది వదిలేస్తారు. బెల్టులో మెలిక ఉండిపోతే పాట సాగుతూ కుంచించుకుపోతూ వినిపిస్తుంది, తప్పు మోటారు మీదికి పోతుంది. ముల్లును మోసే చేతికి (టోన్ ఆర్మ్) కట్టిన తీగ, ముల్లుకున్న ప్లాస్టిక్ తొడుగు తీయడం మర్చిపోకూడదు.

వెనకాల ఫోనో, లైన్ అని చిన్న మీట ఉంది. లోపలే యాంప్లిఫయరున్న స్పీకర్లకో, యాంప్లిఫయరుకుండే ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌కో కలిపితే లైన్‌లో పెట్టాలి. యాంప్లిఫయరుకే ఫోనో ఇన్‌పుట్ ఉంటే ఫోనోలో పెట్టాలి. ఫోనోలో వచ్చేది 2.5 మిల్లీవోల్టులే, లైన్‌లో 150. లైన్‌లో పెట్టి ఫోనో ఇన్‌పుట్‌కు గుచ్చితే గొంతు బొంగురుపోయి పగులుతుంది. ఫోనోలో పెట్టి ఆక్స్‌కు గుచ్చితే శబ్దం పీలగా, బేస్ లేకుండా వస్తుంది. రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, పై స్వరాలు పెంచి చెక్కుతారు. దాన్ని తిరిగి సరిచేసే సర్క్యూటు ఆ మీట వెనకే ఉంది.

మనవైపు వాళ్ళకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఇందులో ఉన్నది డీసీ మోటారు, 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకున్నా శ్రుతి మారదు. పాత ఏసీ మోటారు ప్లేయర్లకు ఆ భరోసా లేదు. ఇన్వర్టరు లేని ఇంట్లో మాత్రం కరెంటు పోతే ముల్లు గాడిలోనే నిలబడిపోతుంది. లేచి చేత్తో ఎత్తాలి.

బాలు వారంలో దీనికి వంక పెట్టేదేమీ లేదు. డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో వచ్చిన స్టీరియో ఎల్పీ మొదటి పాటల్లో గొంతు నడుమ నిలబడుతుంది, వయొలిన్లు రెండు పక్కలా విడివిడిగా వినిపిస్తాయి, చరణం ముందు ఆయన తీసుకునే ఊపిరి కూడా తెలుస్తుంది. ఇబ్బందంతా చివరి పాటలో. పన్నెండు అంగుళాల రికార్డు బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది, లోపలికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దం సగానికన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. ఈ ప్లేయరు ముల్లు గుండ్రటి కొనది, ఆ ఇరుకు మలుపుల్లో పూర్తిగా ఇమడదు. అందుకే చివరి పాటలో స, శ, ష లు చరచరమంటాయి. కొన దీర్ఘవృత్తంగా ఉన్న ముల్లయితే ఇది చాలావరకు తగ్గేది, కానీ కంపెనీ ఇచ్చేది గుండ్రటి కొనదే. ముల్లు ఊగుడును కరెంటుగా మార్చే కార్ట్రిడ్జి చేతికే అతికి ఉంటుంది, దాన్ని మార్చుకునే వీలు లేదు. దీర్ఘవృత్తపు ముల్లు కావాలంటే దీనికి సరిపడేలా వేరే కంపెనీలు చేసేది వెతుక్కోవాలి.

కాబట్టి ఈ ప్లేయరు మీద విని పాట ఎంపిక చేసేవాళ్ళు ప్రతి వైపూ మొదటి రెండు మూడు పాటల్లోంచి ఎంచుకోవడం మేలు. చివరి పాటే కావాలనుకుంటే అది ఈపీ మీద దొరుకుతుందేమో చూడాలి. "రికార్డు అరిగిపోయింది" అని రాసేముందు మొదటి పాట, చివరి పాట రెండూ విని పోల్చాలి. రెండింట్లోనూ గరగరలాడితే రికార్డు అరిగింది. చివర్లోనే అయితే ముల్లు సంగతి.

భానుమతి వారం ఇంకో రకం తంటా. ఆమె పాటల్లో మంచివి చాలా 78ల కాలానివి. మన దేశంలో అరవైల చివరి దాకా 78లు వస్తూనే ఉన్నాయి, ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. ఈ ప్లేయరులో ఉన్నవి రెండే వేగాలు, 33, 45. 45లో తిప్పి కంప్యూటరులో 1.74 రెట్లు వేగం పెంచుకోవచ్చన్న చిట్కా ఒకటి తిరుగుతోంది. అది వద్దు. 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ ముల్లు కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). దీని 0.6 మిల్ ముల్లు గాడి అడుగుకు జారి అక్కడి చెత్తనంతా పాడుతుంది. పైగా లక్కతో చేసిన రికార్డులో గరుకు పొడి కలిపి ఉంటుంది, ముల్లు త్వరగా అరిగిపోతుంది. ఆ ముల్లుతోనే మళ్ళీ ఎల్పీ పెడితే ఎల్పీ పాడవుతుంది. 78లే ముఖ్యమనుకునేవాళ్ళు మూడు వేగాలుండి, 78లకు తగిన ముల్లు పెట్టుకునే వీలున్న ప్లేయరు చూసుకోవాలి. తర్వాత వచ్చిన ఎల్పీ, ఈపీ సంకలనాలు చాలు అనుకుంటే ఇది చాలు.

ఆ సంకలనాలు వినేటప్పుడు ఒక పని చేసి తీరాలి. కవరు మీద స్టీరియో అని ఉన్నా సరే, పాట యాభైలదైతే అసలు రికార్డింగు మోనోయే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. మోనో గాడిలో సంగీతమంతా ముల్లు పక్కలకు ఊగడంలోనే ఉంటుంది. కిందికీ పైకీ ఊగేది దుమ్మూ గీతలూ. రెండు ఛానళ్ళనూ కలిపేస్తే ఆ కిందా పైనా ఊగుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చిటపటలు సగానికి సగం తగ్గినట్టే ఉంటుంది. యాంప్లిఫయరుకు మోనో బొత్తాం ఉంటే నొక్కండి. కంప్యూటరులోకి ఎక్కించేవాళ్ళకు ఆడాసిటీ ప్రోగ్రాములో స్టీరియోను మోనోగా కలిపే ఆదేశం ట్రాక్స్ మెనూలో ఉంది. ఎక్కించేటప్పుడు పెద్ద శబ్దం కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి.

చినమౌలానా వారం దగ్గరే ఈ ప్లేయరు అసలు రంగు బయటపడింది. 1924లో కరవదిలో పుట్టి, తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్న మనిషి. ఇలాంటి అంశంలో ఆయన్ని వదిలేసి సినిమా పాటలతో సరిపెడితే ఆ నెలకు అర్థమే లేదని నా గట్టి అభిప్రాయం. కానీ నాదస్వరంలా నిలబడి పలికే వాద్యం ఏ ప్లేయరునైనా నిలదీస్తుంది. వేగంలో రవ్వంత తేడా వచ్చినా పట్టి ఉంచిన షడ్జం వణుకుతుంది. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం దీని వేగంలో ఒడుదుడుకు 0.25 శాతంలోపు. సినిమా పాటలో అది వినిపించదు. ఆలాపనలో పొడుగ్గా నిలిపిన స్వరం దగ్గర, చెవి పదునున్నవాళ్ళకు తెలుస్తుంది.

అయితే వణికిన ప్రతిసారీ ప్లేయరును తిట్టకూడదు. చేతిని గమనించండి. అది రికార్డు తిరిగినప్పుడల్లా కుడీ ఎడమా ఊగుతూ, స్వరం సరిగ్గా 1.8 సెకన్లకోసారి వంగుతుంటే, తప్పు రికార్డుది. నడిమి కంత మధ్యలో పడలేదన్నమాట. 33 వేగంలో ఒక చుట్టుకు పట్టేది అంతే సమయం. చేయి నిలకడగా ఉండి స్వరం ఎప్పుడు పడితే అప్పుడు వణికితే బెల్టు చూడాలి: మెలిక, జిడ్డు, సాగుడు.

రెండోది డోలు. నాదస్వరానికి తోడుండే ఈ తవిల్ తొప్పి వైపు, అంటే మంద్రంగా మోగే వైపు, దెబ్బలు స్పీకరులోంచి బల్లలోకి, బల్లలోంచి ముల్లులోకి తిరిగొచ్చి గుయ్‌మంటాయి. స్పీకర్లున్న బల్ల మీదే ప్లేయరు పెడితే ఇది ఖాయం. ప్లేయరు బరువు రెండున్నర కిలోల పైచిలుకే, అదురును ఆపుకునే ఒళ్ళు దానికి లేదు. మనకు మందు ఇంటి పక్కనే ఉంది. చీమకుర్తి గ్రానైటు తునక, 16 అంగుళాల చదరం, 18 మిల్లీమీటర్ల మందం, కోత యూనిట్లలో మిగులు ముక్కల్లో దొరుకుతుంది. ఎనిమిది కిలోలు దాటి తూగుతుంది. కింద నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు వేసి, మట్టం గొట్టం పెట్టి సరిచూసి, దాని మీద ప్లేయరు పెడితే ఆ గుయ్‌మనడం దాదాపు పోతుంది. ఖరీదైన వైరు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ఆత్రేయ వారానికి ఈపీలే ఎక్కువ. 45 వేగంలో గాడి విశాలంగా ఉంటుంది, శబ్దం దిట్టంగా వస్తుంది, ఈ ముల్లుకు హాయి. ఒక్క జాగ్రత్త. సైజు బొత్తాం 12లో ఉంచి ఏడంగుళాల ఈపీ పెట్టి స్టార్టు నొక్కితే ముల్లు రికార్డు లేని చోట, పళ్ళెం మీద దిగుతుంది. ముల్లు పోవడానికి అదొక్కటి చాలు. పెద్ద కంత ఉన్న ఈపీలకు అడాప్టరు పెట్టెలోనే ఇస్తారు.

ఈ జిల్లాల్లో పాత రికార్డుల దుకాణాలని చెప్పుకోదగ్గవి తక్కువ. ఎక్కువమంది చెన్నై మూర్ మార్కెట్టుకే వెళ్తారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకునేటప్పుడు రికార్డుల్ని నిలువుగా, గట్టిగా అదిమి సంచిలో పెట్టాలి, ఎండ పడే కిటికీ పక్కన పెట్టకూడదు. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, వినైలు ఎంత? ఆగి ఉన్న కారులో మధ్యాహ్నం వదిలేస్తే గంటలో అప్పడమే. ప్లేయరులో ముల్లు బరువు మార్చే వీలు లేదు కాబట్టి, గిన్నెలా కొద్దిగా వంగినవి ఆడతాయి గానీ అంచు దగ్గర మడత పడినవాటి మీద ముల్లు ఎగిరిపోతుంది. వేడిచేసి సాపు చేయబోతే గాళ్ళు చెడతాయి.

కొనేటప్పుడు రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. గాడి నల్లగా మెరవాలి. బూడిదరంగు పూత పూసినట్టుంటే పాత పెట్టె ప్లేయర్ల బరువు ముల్లు దాన్ని తినేసింది, ఎంత కడిగినా తిరిగి రాదు. తెల్లమచ్చలుంటే బూజు. అది పోతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో అట్ట కవర్లకు బూజు మామూలే. డిస్టిల్డ్ వాటర్ నాలుగు పాళ్ళు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక పాలు, గిన్నెలు తోమే లిక్విడ్ లీటరుకు రెండు చుక్కలు. లేబులు తడవకుండా, గాడి వెంట గుండ్రంగా మెత్తటి మైక్రోఫైబరు బట్టతో తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి నీడన ఆరబెట్టాలి. బోరు నీళ్ళు వాడితే ఉప్పు గాడిలో పేరుకుని కొత్త చిటపటలు మొదలవుతాయి. ఆల్కహాలు 78ల మీద పడకూడదు, లక్క కరిగిపోతుంది. కొత్త కవర్లు తీసుకుంటే పాలిథీన్‌వి తీసుకోండి. మెత్తటి పీవీసీ కవర్లు మన ఎండకు రికార్డు మీద పొగ పట్టినట్టు మచ్చ వేస్తాయి.

ఎంపిక పంచుకునేటప్పుడు "అద్భుతం" అని రాస్తే అవతలివాళ్ళకు ఉపయోగం లేదు. లేబులు, దాని మీది నంబరు, లోపల గాడి అయిపోయిన చోట చెక్కిన అంకెలు, మోనోనా స్టీరియోనా, ఏ వైపు ఎన్నో పాట, ఏ ముల్లుతో విన్నారు, ఎక్కడ గీత పడింది: ఇవి రాస్తే అదే రికార్డు వెతికేవాళ్ళకు పని జరుగుతుంది. ఒకే పాట రెండు ముద్రణల్లో వేరుగా పలకడం మామూలే, నంబరు లేకపోతే ఏది విన్నారో తెలియదు.

ప్లేయరుతోపాటే కొనాల్సింది ఇంకో ముల్లు, ఏటీఎన్3600ఎల్. వారానికి నాలుగైదు రికార్డులు వినేవాళ్ళకు ఒక ముల్లు రెండేళ్ళ పైనే వస్తుంది, మూడు నాలుగు వందల గంటలు లెక్క. బూజు పట్టిన పాత రికార్డులు ఎక్కువైతే అంతకన్నా ముందే చూసుకోవాలి. మార్చడానికి కరెంటు అడాప్టరు పీకేసి, ముల్లు ముందు అంచును కిందికి నొక్కి ముందుకు లాగితే ఊడొస్తుంది. కొత్తదాన్ని కాస్త ఏటవాలుగా వెనక భాగం ముందు దూర్చి, టిక్కుమనే దాకా పైకి నొక్కాలి. టిక్కుమనకపోతే వదులుగా ఉన్నట్టే, అలా రికార్డు మీదికి దించకూడదు.