మాట వినని కడుపుకి ఏది మేలు: పథ్యమా, సీబీటీయా, హిప్నోథెరపీయా?

పరీక్ష అన్నా, ప్రయాణం అన్నా, బాస్ ఫోన్ అన్నా కడుపులో మెలిపెట్టి బాత్రూమ్‌కి పరిగెత్తేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. స్కానింగ్ నార్మల్, ఎండోస్కోపీ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్. "ఏం లేదమ్మా, ఐబీఎస్. టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి పంపించేస్తారు. ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. పరీక్షల్లో ఏ లోపమూ కనబడకపోయినా కడుపు మాట వినకపోవడం. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో మాత్రం మందుల చీటీలో ఉండదు. నేను ఏళ్ల తరబడి అలాంటి చీటీలతోనే తిరిగాను. మందులకి లొంగని ఐబీఎస్‌కి మిగిలే ముఖ్యమైన దారులు మూడు. మూడింటిలోనూ నడిచాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది - వీటిలో ఏది ఉన్నా ఇది చదవడం ఆపి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరకి వెళ్లండి.

పథ్యం అంటే ఇక్కడ లో-ఫాడ్‌మ్యాప్ డైట్. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీలో రూపొందింది. ఫాడ్‌మ్యాప్ అనే కొన్ని పిండిపదార్థాలు సరిగ్గా ఒంటబట్టక పేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగులో పులిసి గ్యాస్ చేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, కందిపప్పు, శనగపప్పు, జీడిపప్పు, మామిడిపండు ఈ జాబితాలోవే. అన్నంతో ఇబ్బంది లేదు. కార్తీకమాసమంతా ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుకునే ఇళ్లకి సగం పథ్యం అలవాటే. ముద్దపప్పు మానడమే కష్టం. కొన్ని వారాలు అన్నీ మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసి, పడనిది ఏదో తేల్చుకోవాలి. ఈ రెండో సగం చాలామంది చేయరు. నేనూ చేయలేదు. ఏడాదిపాటు అన్నీ మానేసి నీరసపడ్డాను. డైటీషియన్ తోడు లేకుండా దీనికి దిగకండి.

సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మాటల వైద్యం. బస్సెక్కే ముందు నాలుగుసార్లు బాత్రూమ్‌కి వెళ్లడం, పెళ్లిళ్లలో ఏమీ తినకపోవడం, ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకోవడం - ఈ జాగ్రత్తలే భయాన్ని పెంచుతాయని చూపించి, ఒక్కొక్కటి వదిలిస్తారు. హోంవర్క్ ఉంటుంది. భయం ముందు, నొప్పి తర్వాత వచ్చేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

హిప్నోథెరపీ గురించి ఎక్కువ చెప్పాలి. మనకి హిప్నాటిజం అనగానే స్టేజీ గుర్తొస్తుంది. బి.వి. పట్టాభిరామ్ గారి ప్రదర్శనలు చూసినవాళ్లకి ఆ దృశ్యం మనసులో నిలిచిపోయింది. కడుపు కోసం చేసే హిప్నోథెరపీ అలా ఉండదు. థెరపిస్టు నెమ్మదైన మాటలతో మన ధ్యాసని ఒకచోట కుదిర్చి, కడుపు నెమ్మదించేలా సూచనలిస్తారు. 1984లో మాంచెస్టర్‌లో డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం 30 మంది మీద చేసిన పరిశోధన లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. అక్కడినుంచే ఈ పద్ధతి వైద్యుల్లోకి వెళ్లింది. సాధారణంగా వారానికొకటి చొప్పున 7 నుంచి 12 సెషన్లు. నిద్రపోరు. బయట ఆటో హారన్ కూడా వినిపిస్తూనే ఉంటుంది. లేవాలనిపిస్తే లేవొచ్చు. చెప్పకూడదనుకున్న రహస్యాలు నోటంట రావు. ధ్యాస అంతా ఒకచోట కుదురుకున్నప్పుడు సూచనలు మామూలు మాటలకంటే లోతుగా దిగుతాయి. 1997లో మాంట్రియల్‌లో హిప్నాసిస్‌లో ఉన్నవాళ్లచేత 47 డిగ్రీల వేడినీళ్లలో చెయ్యి పెట్టించి, బాధ ఎక్కువగానో తక్కువగానో అనిపించేలా సూచనలిస్తూ మెదడు స్కాన్లు తీశారు. నీళ్ల వేడి మారలేదు. బాధని తూచే మెదడు భాగంలో చురుకుదనం మాత్రం మారింది.

నా మొదటి రెండు సెషన్లూ ఇంగ్లిష్‌లో జరిగాయి. "వార్మ్‌త్" అన్న మాట చెవి దాకానే వెళ్లింది. మూడోసారి థెరపిస్టు పుస్తకం మూసి, "మీకు పొట్ట మీద వెచ్చదనం అంటే ఏం గుర్తొస్తుందండీ?" అని అడిగారు. తమలపాకుకి ఆముదం రాసి, దీపం సెగకి చూపించి, తన బుగ్గకి ఆనించుకుని వేడి సరిచూసి నా పొట్ట మీద వేసే అమ్మమ్మ గుర్తొచ్చింది. అరచెయ్యి బొడ్డు మీద పెట్టించి, ఆ ఆకు సంగతే తెలుగులో నెమ్మదిగా చెప్పారు. మెలి వదులైంది. ఇంట్లో రోజూ 20 నిమిషాలు ఆ మాటల ఆడియోనే వినేదాన్ని. వినని వారం తేడా తెలిసిపోయేది. ఒక్క సెషన్‌తో అంతా పోతుందని ఆశించకండి. సూచనలకి త్వరగా లోనయ్యే గుణం కూడా అందరికీ ఒకలా ఉండదు.

మరి ఏది మేలు? 2016లో మెల్‌బోర్న్‌లో 74 మందిని మూడు గుంపులు చేసి పోల్చి చూశారు. పథ్యం చేసినవాళ్లలో, హిప్నోథెరపీ చేయించుకున్నవాళ్లలో, రెండూ చేసినవాళ్లలో పదిమందికి ఏడుగురు చొప్పున తేలికపడ్డారు. రెండూ కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. ఆందోళన తగ్గడంలో మాత్రం హిప్నోథెరపీదే పైచేయి.

అందుకే నేనిలా చెప్తాను. ఫలానాది తింటే ఉబ్బరం అని మీకు స్పష్టంగా తెలిస్తే పథ్యంతో మొదలుపెట్టండి. ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లు, తిండి అంటే భయపడేవాళ్లు దాని జోలికి పోవద్దు. బయటికి కదలడమే మానేసినవాళ్లకి సీబీటీ. ఏం తిన్నా తినకపోయినా టెన్షన్‌కే కడుపు కదిలేవాళ్లకి నా ఓటు హిప్నోథెరపీకే. భ్రమలు, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మాత్రం సైకియాట్రిస్టుని అడక్కుండా వెళ్లకూడదు. పూర్వజన్మలు చూపిస్తాం, మర్చిపోయిన జ్ఞాపకాలు తవ్వితీస్తాం అనేవాళ్ల దగ్గరకి అసలు వెళ్లకండి. ఆ స్థితిలో జరగనివి కూడా జరిగినట్టే మనసులో నాటుకుంటాయి, ఇళ్లలో కలతలు పెడతాయి.

డబ్బు కట్టే ముందు మూడు అడగండి: మీరు సైకియాట్రిస్టా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా? మొత్తం ఎన్ని సెషన్లు? ఆడియో తెలుగులో ఇస్తారా?